శౌరివారి దారం

ఉపదేశి లింగప్ప వచ్చేసరికి శౌరమ్మ వాకిట్లో కూచుని వేళ్లకు ఆముదం రాసుకుంటోంది. వారంలో ఆరు రోజులు హిందూపురంలో మరిగే నీళ్లలో పట్టుగూళ్లు తిప్పే వేళ్లు అవి. కొసలు తెల్లగా నాని, చర్మం పొరలు పొరలుగా లేచి ఉంటుంది. ఆదివారం ఒక్కరోజే వాటికి ఆముదం.

లింగప్ప గొడుగు మూసి గోడకు ఆనించాడు. తలనూనెకు చొక్కా కాలరు మాయకుండా మెడ చుట్టూ పెట్టుకున్న తెల్ల రుమాలు తీసి ముఖం తుడుచుకుని, మళ్లీ మడిచి కాలరులోనే దోపుకున్నాడు.

"కూచో లింగప్పా. పెనుకొండ స్టేషను నుంచి నడిచే వచ్చినావా?"

"కూచునేదానికి లేదు వదినా. ఇంకా నాలుగు ఊర్లు తిరగల్ల," అంటూనే అరుగు మీద కూచున్నాడు. అతను శౌరమ్మ మొగుడు సంజీవప్పకు చిన్నాయన కొడుకు. పుట్టింది ఈ పల్లెలోనే. ఒక ఫాదరు కింద ఉండే ఊర్లన్నీ కలిపితే ఒక విచారణ. ధర్మవరం విచారణలో పల్లెపల్లెకూ తిరిగి జపాలు నేర్పే ఉపదేశి అయినాక నడకలో కొంచెం నిదానం వచ్చింది.

లోపల్నుంచి అత్త ఆదెమ్మ గొంతు వినిపించింది. "ఎవరమ్మా?"

"నేను పెద్దమ్మా, లింగప్పను."

"రుమాలు తెచ్చుకున్నావా?"

లింగప్ప చెయ్యి తనకు తెలియకుండానే కాలరు దగ్గరికి పోయింది. శౌరమ్మ నవ్వు ఆపుకోవడానికి తల వంచుకుంది.

అది రెండేళ్ల కిందటి మాట. అర్చ్యశిష్ట శౌరివారి పండగకు ఈ ఇంట్లో గాజు డబ్బీలో ఉన్న ఆ పునీతుని ఎముకను ధర్మవరం గుడికి అడిగి తీసుకుపోయారు. పూజ అయినాక డబ్బీని లింగప్ప పట్టుకుని నిలబడ్డాడు. ముందు వరసల్లోని రెడ్ల ఇళ్ల వాళ్లంతా వచ్చి గాజు మీద ముద్దు పెట్టుకుని పోయారు. పల్లెల వాళ్ల వరస మొదలయ్యేసరికి పెద్దమనిషి ఇన్నారెడ్డి కనుసైగ చేశాడు. లింగప్ప రుమాలు తీసి గాజు మీద పరిచాడు. ఆ వరసలో నాలుగో మనిషి ఆదెమ్మ. నలభై ఏళ్లు ఆ డబ్బీని కడుపులో పెట్టుకుని కాచిన మనిషి గుడ్డ మీద పెదవులు ఆనించి, తల ఎత్తి, అందరూ వినేటట్టు అడిగింది. "శౌరివారు ఎప్పటినుంచి కొబ్బరినూనె పూసుకుంటాండారు రా, లింగా?"

అప్పటినుంచి ఆమె అతనితో సరిగ్గా మాట్లాడలేదు.

"మంచి కబురే తెచ్చినా వదినా," అన్నాడు లింగప్ప, లోపలికి కూడా వినపడేటట్టు. "రాతి గుడి అయిపోయినాది. మూడో తేదీ పండగరోజే బిషపు మేత్రాణులు వచ్చి ప్రతిష్ఠ చేస్తారు. పీఠం రాయి ఇన్నారెడ్డి ఇచ్చినాడు. అయితే పీఠంలో పునీతుని ఎముక ఉండల్ల. అది లేకుంటే పీఠం పీఠం కాదంట. ఫాదరు అడిగినాడు, మన విచారణలో యాడైనా ఉందా అని. పెనుకొండలో మా పెద్దమ్మ ఇంట్లో ఉండాది అని నేనే చెప్పినా."

"పీఠంలో అంటే యాడ?"

"రాయిలో గుంత కొట్టినారు, ఇంత. అందులో పెట్టి, పలక మూసి, సిమెంటు పూస్తారు."

"మళ్లా ఎప్పుడు తీస్తారు?"

"తీయరు వదినా. గుడి ఉన్నన్నాళ్లూ ఆడనే ఉంటాది."

"మరి మేము ముద్దు పెట్టుకునేదెట్ల?"

"దూరం నుంచి దండం పెట్టుకోవచ్చు గదా."

"ఎంత దూరం నుంచి?"

లింగప్ప చెప్పుల పక్కన పాకుతున్న చీమల వరస వైపు చూశాడు. కొత్త గుడిలో రెండో స్తంభం దగ్గర అడ్డంగా సున్నపు గీత గీసింది అతనే. గీతకు ఇవతల ఎవరు కూచోవాలో ఎవరూ నోటితో చెప్పలేదు. చెప్పాల్సిన పని లేకపోయింది.

"ఇంకొక మాట," అన్నాడు గొంతు సవరించుకుని. "డబ్బీ వెనక ఎర్ర దారం, దాని మీద లక్క ముద్ర ఉంటాయంట. అవి చెదరకుండా తెమ్మన్నాడు ఫాదరు. ముద్ర చెడితే చెల్లదంట. మేత్రాణులు ఒప్పుకోరంట. ఎముక శౌరివారిదేనని ఆ కాలం తెల్ల ఫాదరు, దొరస్వాములు ఇచ్చిన లాటిను కాయితం కూడా తెమ్మన్నాడు."

ఆముదం రాసుకుంటున్న శౌరమ్మ చెయ్యి ఆగింది. లోపల ఆదెమ్మ చాప మీద లేచి కూచున్న చప్పుడు వినిపించింది.

"బుధవారం తెస్తే చాలు. లూర్దు బోర్డింగు కాయితం ఫాదరు మేజా మీదనే ఉండాది. సంతకం ఒకటే కావల్ల," అని లింగప్ప లేచి గొడుగు తీసుకున్నాడు. ఆ మాట ఎందుకు చెప్పాడో అతనికీ తెలుసు, ఆమెకూ తెలుసు. ఎనిమిదో తరగతి పాసైన శౌరమ్మ కూతురు లూర్దు గడప లోపల నిలబడి వింటోంది.

సంజీవప్ప రైలు పట్టాల మీద గ్యాంగు పని చేస్తాడు. పట్టా మీద సుత్తితో కొట్టి, మోతను బట్టి ఎక్కడ సందు వచ్చిందో చెప్పగలడు. ఇంటికి వచ్చాక మాత్రం అతని నుంచి మోత రావడం కష్టం. ఆ సాయంత్రం సంగటి తిన్నాడు. చెయ్యి కడుక్కుని, ఆ చేతికి కట్టుకున్న ఎర్రదారాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ అన్నాడు.

"ఇచ్చేస్తాం. ఫాదరు అడిగినాక కాదంటే ఎట్ల? నా పనికి కాయితం రాసింది ఆయప్పే."

"గుడి సొత్తు అంటాడు లింగప్ప," అంది శౌరమ్మ.

"గుడి సొత్తు ఎట్లయితాది?" అంది ఆదెమ్మ గోడ వైపు తిరిగే. ఆమెకు చూపు ఆనదు. మాట ఎటు వినపడితే అటు చెవి పెడుతుంది, నోరు మాత్రం తన ఇష్టం వచ్చిన వైపు ఉంటుంది. "మీ నాయన దొరస్వాములకు పదేండ్లు బండి తోలినాడు. వానలో, ఎండలో, మారెమ్మ జాడ్యం వచ్చి ఊర్లు ఖాళీ అయినప్పుడు కూడా. ఆ స్వామి చనిపోయేరోజు మీ నాయన చేతిలో పెట్టి వేళ్లు మూసినాడు. గుడికి ఇయ్యాలనుకుంటే గుడికే ఇచ్చుండును. గుడి ఆయప్ప పక్కనే ఉండె."

సంజీవప్ప దారం తిప్పడం మానేశాడు.

"ఇస్తాలే," అంది శౌరమ్మ. "నేనే పట్టుకుపోతా. ఒక్క మాట మాత్రం అడుగుతా. గుంతలో పెట్టకముందు మన పల్లె వాళ్లంతా గాజు మీద ముద్దు పెట్టుకోవల్ల. రుమాలు లేకుండా. కడాసారి గదా."

"ఒప్పుకోకపోతే?"

శౌరమ్మ గిన్నెలు సర్దడానికి లేచింది. "అడగనీ ముందు."

సోమ, మంగళవారాలు ఆమె ఎప్పటిలాగే పొద్దున పాసింజరుకు హిందూపురం పోయింది. రాట్నాల కొట్టంలో ఆవిరి కమ్ముకుని మనుషులు మసకగా కనబడతారు. కాగులో తేలే గూళ్లను పుల్లతో మెల్లగా తట్టి, కొస దొరికిన వాటిని ఎడమచేతి వేళ్ల మధ్య పట్టి, ఏడెనిమిది కొసలు కలిపి రాట్నానికి ఎక్కించాలి. ఒక కొస తెగితే మోత మారకముందే ఇంకొకటి అందించాలి. ఏటా ఈ రోజుల్లో శౌరమ్మ ఒక పని చేస్తుంది. మచ్చ లేని, నొక్కు పడని గూడు ఒకటి ఏరి పక్కన పెట్టుకుంటుంది. సావుకారికి చెప్పే చేస్తుంది. ఆయనకు అది అమ్మవారి మొక్కు లాంటిదని అర్థమైంది, అట్లే ఉండనిచ్చాడు.

"ఈయేడు కూడా తీస్తాండావా?" అని పక్క రాట్నం మీది ఎల్లమ్మ అడిగింది. "సిమెంటులో పోయేదానికి ఏంటికే కొత్త దారం?"

"పోయేటప్పుడు కొత్త గుడ్డ కట్టకుండా ఎవరినైనా పంపిస్తారా?" అంది శౌరమ్మ. గూడును నీళ్లలో వేసి తట్టింది. మొదటి తట్టుకే కొస దొరికింది.

మంగళవారం పొద్దు వాలకముందే ఇల్లు చేరి, బజారులో తెచ్చిన ఎర్రరంగు పొట్లం నీళ్లలో కాచి, పురిపెట్టిన దారాన్ని ముంచి ఆరేసింది. నలుగురూ కాళ్లు చేతులు కడుక్కుని చాప మీద కూచున్నారు. ఆదెమ్మ నడుముకు కట్టుకున్న గుడ్డసంచి విప్పి డబ్బీ తీసింది. రూపాయి బిళ్లంత ఇత్తడి డబ్బీ. ముందర గాజు, వెనక మూత. గాజులోంచి చూస్తే ఎర్ర పట్టు మీద గోటి ముక్కంత ఎముక. సంజీవప్ప లాంతరు దగ్గరికి జరిపాడు. లూర్దు జపం అందుకుంది.

జపం అయినాక ఆదెమ్మ వెనక మూత తీసింది. దారం నాలుగు పేటలుగా అడ్డదిడ్డంగా కట్టి, మధ్యలో లక్క ముద్ర ఉంది. తలలోని పిన్ను తీసి లాంతరు గాజు మీద కాస్త వేడిచేసి, లక్క అంచు కింద దూర్చింది. చూపు లేని ఆ వేళ్లు లక్కను పగలకుండా, ఎండిన పుండు మీది పక్కును లేపినంత నిదానంగా లేపి పళ్లెంలో పెట్టాయి. లూర్దు పాత దారం విప్పింది. శౌరమ్మ కొత్త దారం కట్టింది. ఆదెమ్మ లక్కను మళ్లీ వెచ్చచేసి, కొత్త దారం మీద అంటించి, బొటనవేలితో నొక్కింది.

"నలభై ఏండ్ల నుంచి అంటిస్తాండా," అంది. "ఒకరూ కనుక్కోలేదు. ఆ ఫాదరూ కనుక్కోలేడు."

"తీయకూడదంట అవ్వా," అంది లూర్దు మెల్లగా.

"నాకెవరు చెప్పినారు? పండక్కి మనకంతా కొత్త గుడ్డలు. ఆయప్పకు అదే పాత దారమా అనిపించింది. మార్చినా. తప్పయితే ఆయప్పే చెప్పుండును గదా, ఇన్నేండ్లలో."

పాత దారాన్ని ముక్కలు చేసి నలుగురి చేతులకూ కట్టింది. పల్లెలో పుట్టిన బిడ్డలకు, పేరు పెట్టిన రోజు కట్టడానికని మిగిలినవి దాచింది. ఒకప్పుడు లింగప్పకూ ఒక ముక్క దాచేది. రెండేళ్లుగా దాచడం లేదు. తరువాత డబ్బీ చేతులు మారింది. మొదట లూర్దు, తరువాత శౌరమ్మ, సంజీవప్ప, చివర ఆదెమ్మ. చిన్నవాళ్ల నుంచి పెద్దవాళ్లకు, అదీ ఆ ఇంటి వరస. ఎవరూ గాజు తుడవలేదు. ఒకరి పెదవుల తడి మీదే ఇంకొకరు పెదవులు ఆనించారు. ఆదెమ్మ మాత్రం ఆ రోజు డబ్బీని వెంటనే సంచిలో పెట్టలేదు. చెంపకు ఆనించుకుని చాలాసేపు కూచుంది.

బుధవారం పొద్దున పాసింజరుకు నలుగురూ ధర్మవరం పోయారు. గుడి దగ్గర సున్నం వాసన, తడిసిన రాతి వాసన. బేల్దారి ఈరప్ప పీఠం దగ్గర సిమెంటు కలిపిన బొచ్చెతో సిద్ధంగా కూచున్నాడు. మేత్రాణులు రేపు మంత్రించి పెట్టేముందు కొలత చూసుకోవాలట. రాయిలో గుంత అరచేయంత ఉంది. శౌరమ్మ దాని దగ్గరికి పోయి చూడాలనుకుంది. రెండో స్తంభం దగ్గర సున్నపు గీత కనబడింది. గీతను చూస్తూనే దాటింది. ఈరప్ప తల ఎత్తి చూసి, మళ్లీ తాపీ పనిలో పడ్డాడు.

గుడి వెనక పూజ వస్త్రాల గదిలో ఫాదర్ చిన్నస్వామి మేజా ముందు కూచుని ఉన్నాడు. నిద్ర చాలని కళ్లు. ఇన్నారెడ్డి కుర్చీలో, లింగప్ప తలుపు దగ్గర. ఆదెమ్మ గోడవార నేల మీద కూచుంది. మిగిలిన ముగ్గురూ నిలబడ్డారు.

ఫాదరు డబ్బీ అందుకుని ముందు కళ్లకు అద్దుకున్నాడు. అది శౌరమ్మకు నచ్చింది. వెనక మూత తీసి, లాటిను కాయితం పక్కన పెట్టి, ముద్ర మీది గుర్తునూ కాయితం మీది గుర్తునూ మార్చి మార్చి చూశాడు. ముఖం తేటపడింది.

"చక్కగా ఉంది. ఇన్నేళ్లు ఎంత భద్రంగా ఉంచారమ్మా."

"ఒక మాట సామీ," అంది శౌరమ్మ. చెప్పాలనుకున్నది చెప్పింది. తొందరపడకుండా, ఒక్క పదం కూడా వదలకుండా చెప్పింది. గుంతలో పెట్టేముందు పల్లె వాళ్లంతా గాజు మీద ముద్దు పెట్టుకోవాలి, రుమాలు వద్దు.

ఫాదరు కన్నా ముందు ఇన్నారెడ్డి కదిలాడు. "మేత్రాణులొచ్చిన రోజు అంతమందీ వరస కడితే ఎప్పటికి తెములుతాదే? అయినా రుమాలు మీద పెట్టుకుంటే ఏం తక్కువ? శౌరివారి మహిమ గుడ్డలోంచి రాదా?"

"వస్తాది రెడ్డీ. రాకుండా ఎట్లుంటాది," అంది శౌరమ్మ. "అట్లయితే ఈసారి మీ ఇంటోళ్లు రుమాలు మీద పెట్టుకోండి. మేము గాజు మీద పెట్టుకుంటాము. మహిమ ఒకటే గదా."

తలుపు దగ్గర లింగప్ప కాలు మార్చుకుని నిలబడ్డాడు. ఇన్నారెడ్డి ఫాదరు వైపు చూశాడు. ఫాదరు మేజా మీది కాయితాల వైపు చూశాడు. వాటిలో లూర్దు కాయితం పైనే ఉంది.

"ఈసారికి సర్దుకో శౌరమ్మా," అన్నాడు చివరికి. "కొత్త గుడి. మొదటి రోజే గొడవ ఎందుకు? ముందు ముందు చూద్దాం."

శౌరమ్మ సంజీవప్పను చూసింది. అతను నేల చూస్తున్నాడు. లూర్దును చూసింది. ఆ పిల్ల మేజా మీది కాయితాన్ని చూడడం లేదు, అమ్మనే చూస్తోంది.

"ఆ ముద్ర అంటించింది సామీ," అంది శౌరమ్మ.

"ఏమిటి?"

"ఆ దారం దొరస్వాములు కట్టింది కాదు. మొన్న హిందూపురంలో నేను రాట్నం మీద తీసింది. నిన్న కట్టినాము. మీరే అడుగుతారేమోనని చూస్తి, అడగలేదు. అడగకపోయినా చెప్పల్ల గదా. చెల్లనిదాన్ని చెల్లేదని పీఠంలో పెట్టి మీరు పాపం కట్టుకోవద్దు."

గోటితో ముద్ర అంచును తట్టింది. ఏటా లేపి అంటిస్తున్న లక్కకు గట్టి పట్టు లేదు. ఊడి మేజా మీద పడి, చిన్న శబ్దం చేసి, కాయితాల మీద దొర్లి ఆగింది.

 గుడిలో ఈరప్ప తాపీ గీరుతున్న చప్పుడు ఆగింది.

"ఎవరు తీశారు?" అన్నాడు ఫాదరు.

"నేనే నాయనా," అంది ఆదెమ్మ నేల మీది నుంచి. "ఏటా తీస్తా. ఏటా కడతా."

"అబద్ధం," అన్నాడు ఇన్నారెడ్డి లేచి. "ఇప్పుడు గోటితో పీకి, ముందే ఊడిందంటాండారు. అడిగింది ఇయ్యలేదని కడుపుమంట. ఫాదర్, ఇదంతా నాటకం."

శౌరమ్మ కుడిచెయ్యి చాచింది. మణికట్టు మీద ఎర్ర పట్టుదారం. "ఇది పోయినేడుది, నిన్న విప్పి కట్టుకున్నాము." లూర్దు కూడా చెయ్యి చాచింది.  సంజీవప్ప తలెత్తి ఖాకీ చొక్కా చెయ్యి మోచేతి దాకా మడిచాడు. సుత్తి పట్టి కాయలు కాసిన ఆ చేతి మీద దారం కొత్తగా, సన్నగా కనబడింది.

"ముగ్గురూ ఒక ఇంటోళ్లే," అన్నాడు ఇన్నారెడ్డి. "నిన్న కట్టుకుని వచ్చుంటారు. ఇంకెవరైనా చెప్పనీ, నమ్ముతా."

తలుపు దగ్గర లింగప్ప గొంతు సవరించుకున్నాడు. చొక్కా ముంజేతి గుండీ విప్పాడు. ఆ గుండీ అతను ఎంత ఎండలోనూ విప్పడు.

"నాకూ ఉండాది ఫాదర్," అన్నాడు.

దారం అని చెబితే తప్ప తెలియదు. రంగంతా పోయి తెల్లబడి, ఒక పోగు మీద నిలిచి ఉంది.

"పెద్దమ్మ కట్టిందే. మూడేండ్లయింది. చిన్నప్పటి నుంచీ ఏటా కొత్తది కట్టేది. రెండేండ్లుగా నాకు కట్టలేదు," అన్నాడు. ఎందుకు కట్టలేదో ఎవరూ అడగలేదు. "డబ్బీ దారమే ఇది. ఆయమ్మ చెప్పేది నిజం. నాకు తెలుసు. తెలిసీ మీకు చెప్పలేదు."

ఇన్నారెడ్డి కూచున్నాడు. ఫాదరు అద్దాలు తీసి కళ్లు నులుముకున్నాడు.

"ముద్ర చెడితే ఎవరూ పూచీ పడలేరు," అన్నాడు. "పీఠంలో పెట్టడానికి లేదు. ఏ గుడిలోనూ చూపించడానికి లేదు. ఇప్పుడే మనిషిని పంపి మేత్రాసనం నుంచి ఇంకొకటి తెప్పించాలి."

"నలభై ఏండ్లుగా దేనికి ముద్దులు పెట్టినారో ఏమో," అన్నాడు ఇన్నారెడ్డి. "కోడి ఎముకో, మేక ఎముకో."

"నీవూ పెట్టినావు గదా రెడ్డీ," అంది ఆదెమ్మ. "రుమాలు లేకుండా."

గోడ అవతల ఈరప్ప దగ్గాడు. అది దగ్గు కాదని అందరికీ తెలిసింది.

ఫాదరు డబ్బీ మూత మూసి, మేజా సొరుగు లాగాడు. "ఇది ఇక్కడ ఉండనివ్వండి. మేత్రాణులను అడిగి ఏం చేయాలో చెప్తాను."

శౌరమ్మ అరచెయ్యి మేజా మీదికి చాచింది.

"చెల్లనిది మీకేంటికి సామీ?"

"శౌరమ్మా, అది అట్లా కాదు..."

"చెల్లేదైతే మీ పీఠానికి ఇచ్చేదాన్ని. ఇయ్యాలనే తెచ్చినా, రైలెక్కి. చెల్లదన్నారు. చెల్లనిది మా ఇంటికి. సొరుగులో ఏంటికి?"

ఫాదరు ఆ చెయ్యి చూశాడు. తెల్లగా నానిన వేళ్ల కొసలు, పొరలు లేచిన చర్మం, మణికట్టు మీద ఎర్రదారం. గొంతు పెంచలేదు ఆమె. చెయ్యి వెనక్కి తీసుకోనూ లేదు. ఇన్నారెడ్డి ఏదో అనబోయాడు. ఫాదరు ఎడమచెయ్యి కొంచెం పైకెత్తి ఆపాడు. కుడిచేత్తో డబ్బీని తెచ్చి ఆ అరచేతిలో పెట్టాడు.

సంజీవప్ప టోపీ పెట్టుకున్నాడు. గడప దాకా పోయి వెనక్కి తిరిగాడు. ఆ రోజు అతను మాట్లాడిన మాట అదొక్కటే. "లూర్దు కాయితం మీ ఇష్టం ఫాదర్."

లాటిను కాయితమూ, లక్క ముద్రా మేజా మీదే ఉండిపోయాయి.

మర్నాడు పండగ. పెనుకొండ కింద పల్లెలో గంట లేదు. పొద్దున పాసింజరు కూత వేసి పోయినాక శౌరమ్మ వాకిలి అలికి, ముగ్గు పెట్టి, గడప ముందర చాప పరిచింది. ధర్మవరం పండక్కి పోవాలని నూనె రాసి తలలు దువ్వుకున్న పల్లె వాళ్లు, ముందురోజు సంగతి ఎట్లా తెలిసిందో, స్టేషను దారి పట్టలేదు. ఒకరి వెనక ఒకరు ఈ వాకిట్లోకే వచ్చారు. గొర్రెలు తోలుకుపోతున్న పోతులయ్య మందను గట్టు మీద వదిలి వచ్చాడు.

చాప మీద ఆదెమ్మ కూచుని డబ్బీని రెండు చేతులతో పట్టుకుంది. వెనక లక్క లేదు. శౌరమ్మ దారాన్ని బిగించి తన ముడి వేసింది, రాట్నం దగ్గర తెగిన కొసలకు వేసే ముడి. లాగితే ఇంకా బిగుస్తుంది. లూర్దు జపం చెప్పింది. ముందు పిల్లలు, తరువాత పెద్దలు. గాజు మీద తడి ఆరడానికి సందు లేదు.

వరస సగం అయ్యేసరికి పొద్దు నడినెత్తికి వచ్చింది. గట్టు మీద గొడుగు కనబడింది.

లింగప్ప వాకిలి బయటే ఆగి గొడుగు మూశాడు. అందరూ అతన్నే చూశారు. కాలరులో రుమాలు లేదు. చొక్కా మెడ చెమటకు తడిసి ముడుచుకుపోయింది.

"ప్రతిష్ఠ అయిందా?" అని శౌరమ్మ అడిగింది.

"జరుగుతాంది. మేత్రాసనం నుంచి ఇంకొకటి తెచ్చినారు. పెట్టినారు, సిమెంటు పూసినారు. సగంలో లేచి వచ్చినా."

"లేచి వచ్చినావా? రెడ్డి చూడలేదా?"

"చూసినాడు." గొడుగు చంకలో పెట్టుకుని అన్నాడు. "లూర్దు కాయితం గురించి ఫాదరు ఏమీ అనలేదు వదినా. ఇయ్యననీ అనలేదు. మేజా మీదనే ఉండాది."

"ఉండనీ," అంది శౌరమ్మ.

అతను ముందుకు రాలేదు. పోతులయ్య వెనక, వరస చివర పోయి నిలబడ్డాడు. అతనికన్నా చిన్నవాళ్లు, నిన్నటిదాకా అతన్ని చూస్తే చుట్ట దాచుకునే వాళ్లు, అతని ముందర నిలబడి ఉన్నారు. ఎవరూ జరగలేదు. అతనూ జరగమని అడగలేదు.

అతని వంతు వచ్చినప్పుడు మోకాళ్ల మీద కూచున్నాడు. ఆదెమ్మ తల కొంచెం పక్కకు వంచి వింది.

"లింగడా?"

"నేనే పెద్దమ్మా."

"రుమాలు?"

"తేలేదు."

ఆదెమ్మ డబ్బీని ఒడిలో పెట్టుకుని, "చెయ్యి ఇట్ల తే," అంది. అతను గుండీ విప్పి చెయ్యి చాచాడు. ఆమె వేళ్లు మణికట్టు మీద తడుముతూ పోయి ఆ పాత పోగును పట్టుకున్నాయి. లాగకుండానే అది తెగింది. శౌరమ్మ లోపలికి పోయి, బిడ్డలకని దాచిన ముక్కల్లోంచి ఒకటి తెచ్చి అత్త చేతిలో పెట్టింది. ఆదెమ్మ ముడి వేసింది, మీద ఇంకొక ముడి వేసింది.

తరువాత డబ్బీ ఎత్తి పట్టుకుంది. గాజు మీద పోతులయ్య పెదవుల తడి అట్లే ఉంది, చుట్ట వాసనతో. లింగప్ప చెయ్యి ఒక్క క్షణం మెడ దగ్గరికి పోయింది. అక్కడ ఏమీ లేదు. చెయ్యి దించి, వంగి, ఆ తడి మీదే ముద్దు పెట్టుకున్నాడు.